అసలు బండి ఆనవాళ్లు

1957 షెవర్లే బెల్ ఎయిర్ కారుకు ముందు జాలీ బంగారు రంగులో ఉంటుంది. అదే ఏడాది అదే ఆకారంలో వచ్చిన చవక రకాలు వన్ ఫిఫ్టీ, టూ టెన్‌లకు వెండి రంగు జాలీ. బెల్ ఎయిర్ వెనక రెక్కల మీద సన్నగీతల అల్యూమినియం పలక పరిచి ఉంటుంది. తక్కిన రెంటికీ అది లేదు. పెట్రోలు మూత ఎంత వెతికినా కనపడదు, ఎడమ రెక్క చివర నిలువుగా ఉన్న క్రోమ్ పట్టీ వెనక దాన్ని దాచారు. జానెడు పొడవు నమూనాలో ఈ మూడూ కుదిరితే, కారు ఎరిగినవారు దూరం నుంచే గుర్తుపడతారు. ఒక్కటి తప్పినా ఆ నమూనా ఏ కారుదీ కాకుండా పోతుంది.

స్కేల్ మోడలింగ్‌లో కత్తి, జిగురు, రంగు పట్టుకోకముందే మొదలయ్యే పని ఈ ఆధారాల వేట. పాత అమెరికన్ కార్ల నమూనాలకు ఎక్కువగా వాడే స్కేలు 1/25. అంటే అసలు కారు మీద 25 మిల్లీమీటర్లు నమూనా మీద ఒక మిల్లీమీటరు. 1957 షెవర్లే పొడవు 200 అంగుళాలు, అంటే 5,080 మిల్లీమీటర్లు. నమూనాలో అది 203 మిల్లీమీటర్లు అవుతుంది. ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు. ఆ కారుకు అది 115 అంగుళాలు, నమూనాలో సుమారు 117 మిల్లీమీటర్లు. ఇక్కడ మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే అసలు కారు మీద మూడంగుళాలు తప్పినట్టే.

ఈ 1/25 స్కేలు వాడుకలోకి వచ్చిన తీరు కూడా తెలుసుకోదగ్గది. 1948లో మొదలైన ఏఎంటీ కంపెనీ, కొత్తగా వచ్చే కార్లకు చిన్న నమూనాలు చేసి డీలర్లకు ఇచ్చేది. షోరూం బల్ల మీద వాటిని పెట్టి కొనేవారికి చూపేవారు. కార్ల కంపెనీల డ్రాయింగులు చూసి చేసినవి, కంపెనీ రంగులే వేసినవి కాబట్టి అవి నేటికీ మంచి సాక్ష్యాలు. అయితే అప్పట్లో వాడిన సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుని వంకర తిరుగుతుంది. అందుకని అనుభవజ్ఞులు ఆ పాత నమూనాలను వివరాల కోసం చూస్తారు, కొలతల కోసం మాత్రం వాటిమీద ఆధారపడరు. ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే ఈ విద్యలో సగం పని.

ఖమ్మం జిల్లా ఎర్రుపాలెంలో ఒక యువకుడు ఇలాంటి నమూనాకు పూనుకుంటే ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? అమెరికా కంపెనీల బ్రోచర్లతో కొంత పని జరుగుతుంది. తక్కిన భాగం మాత్రం ఇక్కడే, ఈ నేల మీదే వెతకాలి. మన రోడ్ల మీద తిరిగిన అమెరికన్ బండికీ, అమెరికాలో తిరిగిన బండికీ చాలా తేడాలున్నాయి.

జనరల్ మోటార్స్ 1928లో బొంబాయి శివడీలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. విడిభాగాలు ఓడల్లో పెట్టెలుగా వచ్చేవి, వాటిని ఇక్కడ బిగించేవారు. 1944లో ఏర్పడిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, 1947 నుంచి బొంబాయి కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు బిగించింది. హిందుస్తాన్ మోటార్స్ స్టూడీబేకర్లు తెచ్చింది. కార్లను ఇక్కడ బిగించడంతో సరిపెట్టక క్రమంగా ఇక్కడే తయారుచేయాలని 1950ల మొదట్లో ప్రభుత్వం పట్టుబట్టింది. 1954 కల్లా జనరల్ మోటార్స్ ఇక్కడ పని ముగించింది. అలా ఇక్కడ బిగించిన కార్లకు స్టీరింగ్ కుడివైపు. డాష్‌బోర్డు, వైపర్ల దిశ, పెడల్స్ కూడా దానికి తగ్గట్టు మారాయి. ఎడమ స్టీరింగ్ అమెరికన్ కిట్ కొని, స్టీరింగ్ ఒక్కటి కుడివైపుకు జరిపితే అది మన కారు అయిపోదు.

డాడ్జ్ కింగ్స్‌వే దీనికి మంచి ఉదాహరణ. మన దేశంలో 1950లలో బాగా కనిపించిన ఈ కారును అమెరికాలోని డాడ్జ్ షోరూంలో వెతికినా దొరికేది కాదు. ఎగుమతి కోసం ప్లిమత్ బాడీ తీసుకుని, ముందు డాడ్జ్ జాలీ, మీద డాడ్జ్ పేరు పెట్టి చేసిన బండి అది. అమెరికన్ డాడ్జ్ ఫొటోలు ముందు పెట్టుకుని కింగ్స్‌వే చేస్తే తలుపుల దగ్గర నుంచి డిక్కీ దాకా అన్నీ తప్పుతాయి. బాడీకి ప్లిమత్ పుస్తకం చూడాలి. ముఖానికి, బ్యాడ్జీలకు ఇక్కడ తీసిన ఫొటోలే దిక్కు.

ఖమ్మం, భద్రాచలం వైపు ఊళ్లకు మాత్రం అమెరికన్ బండి అంటే అన్నిటికంటే ముందు జీపు. 1940లో అమెరికా సైన్యం కోసం బాంటమ్ కంపెనీ తొలి నమూనా బండిని తయారుచేసింది. తర్వాత విల్లీస్ కంపెనీ ఎంబీ పేరుతో, ఫోర్డ్ జీపీడబ్ల్యూ పేరుతో యుద్ధం ముగిసే నాటికి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 1945లో ఏర్పడిన మహీంద్రా సంస్థ 1947లో తొలి విడతగా 75 జీపులకు విడిభాగాలు దిగుమతి చేసుకుంది. అక్కడి నుంచి అటవీ శాఖ, పోలీసులు, రెవెన్యూ అధికారులు, ఎన్నికల ప్రచారాలు, పెళ్లి బృందాలు అన్నిటికీ జీపే వాహనమైంది.

జీపులన్నీ ఒకేలా ఉంటాయని పైకి అనిపిస్తుంది. నమూనా చేసేవారు ఆ మాట అనలేరు. యుద్ధకాలపు జీపు ముందు జాలీకి తొమ్మిది సందులు, దీపాలు లోపలికి కూర్చుంటాయి. 1945లో పౌరుల కోసం వచ్చిన సీజే-2ఏ జాలీకి ఏడు సందులు, దీపాలు పెద్దవై బయటికి వచ్చాయి. వెనక దించే తలుపు వచ్చింది కాబట్టి అక్కడున్న స్టెప్నీ పక్కకు మారింది. 1949లో వచ్చిన సీజే-3ఏకి ముందు అద్దం రెండు ముక్కలకు బదులు ఒక్కటే. 1953 నాటి సీజే-3బీకి బానెట్ ఎత్తుగా లేస్తుంది. లోపల అమర్చిన హరికేన్ ఇంజన్ పాతదానికంటే ఎత్తైనది, అది పట్టడానికే బానెట్ పెంచారు. ఈ ఎత్తు బానెట్ జీపే మన దేశంలో బాగా పాతుకుపోయింది. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగింది. ఇక్కడ అదే రూపం ఆ తర్వాత దశాబ్దాల పాటు సాగింది.

పైన చెప్పిన ఈ జీపులన్నిటికీ వీల్‌బేస్ 80 అంగుళాలు. అది 1/25లో 81 మిల్లీమీటర్లు, సైనిక వాహనాలకు వాడే 1/35లో 58 మిల్లీమీటర్లు. యుద్ధకాలపు విల్లీస్ జీపుకు మార్కెట్లో మంచి కిట్లున్నాయి. మన ఊరి సీజే-3బీ కావాలంటే ఆ కిట్‌కు బానెట్, జాలీ, ముందు అద్దం, వెనక తలుపు కొత్తగా చేసుకోవాలి. దానికి కొలతలు కావాలి. కొలతలకు నిజం జీపు కావాలి.

జీపు ఇంకా దొరుకుతుంది, కానీ పుట్టినప్పటి రూపంలో దొరకడం అరుదు. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ వేసి ఉంటారు. వెనక ఎదురెదురు సీట్లు పెట్టి, గుడ్డ టాపుకు బదులు రేకు టాపు వేసి ఉంటారు. ఏది కంపెనీది, ఏది తర్వాత చేర్చిందో చెప్పగలిగేది ఆ బండ్ల మీద చేయి తిరిగిన మెకానిక్‌లు, టింకరింగ్ పనివారు. ఎర్రుపాలెం నుంచి రైలెక్కితే విజయవాడ దగ్గరే. అక్కడి జవహర్ ఆటోనగర్‌లో బాడీ కట్టేవారు, పాత విడిభాగాలు అమ్మేవారు వీధుల కొద్దీ ఉన్నారు. ఏ అతుకు ఫ్యాక్టరీలో వేసిందో, ఏది గ్యాస్ వెల్డింగో పెద్ద మేస్త్రీ వేలితో తడిమి చెప్పగలడు. ఆ మాటలు రాసుకోవడం కొలతలు రాసుకోవడమంత ముఖ్యం.

ఇంట్లో ఉండే కాగితం కూడా పనికొస్తుంది. ఆర్‌సీ పుస్తకంలో వీల్‌బేస్, రంగు, సిలిండర్ల సంఖ్య, బండి బరువు, సీట్లు, తయారైన నెల, ఏడాది ఉంటాయి. నంబరు పలక కాలాన్ని చెబుతుంది. 1989 జూలై నుంచి అమలైన చట్టంతో నంబర్ల తీరు మారింది. ఖమ్మం జిల్లాకు ఏపీ 20 వచ్చింది. 2014 తర్వాత కొత్త బండ్లకు టీఎస్ 04, 2024 నుంచి టీజీ 04. అంతకు ముందరి కాలానికి ఎర్రుపాలెం ప్రాంతం ప్రత్యేకమైనది. ఇటు నిజాం రాజ్యం, అటు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లా. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడినా, 1956 దాకా ఈ పొలిమేర రెండు రాష్ట్రాల మధ్య హద్దుగానే ఉంది. ఆనాటి ఫొటోలో బండి నంబరు చదవగలిగితే అది ఏ ప్రభుత్వం కింద నమోదైందో తేలుతుంది.

ఫొటోను చదవడానికి ఒక పద్ధతి ఉంది. బండి పక్కనుంచి నిటారుగా తీసిన బొమ్మలో వీల్‌బేస్ 73 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అసలు షెవర్లేలో అది 2,921 మిల్లీమీటర్లు. అంటే ఫొటోలో ఒక మిల్లీమీటరుకు అసలు బండి మీద 40 మిల్లీమీటర్లు. ఫొటోలో తలుపు 30 మిల్లీమీటర్లుంటే నిజంగా 1,200, నమూనాలో 48. ఈ లెక్క పక్కవాటు బొమ్మకే చెల్లుతుంది. ఏటవాలుగా తీసిన దాంట్లో దగ్గరి మడ్‌గార్డ్ పెద్దగా, దూరపుది చిన్నగా కనిపిస్తుంది. కొత్తగా ఫొటోలు తీసేవారు ఫోనుతో బండి పక్కనే నిలబడి తీయకూడదు. వీలైనంత వెనక్కి వెళ్లి, బానెట్ ఎత్తున కెమెరా పట్టుకుని, జూమ్ చేసి తీస్తే వంపులు సరిగా వస్తాయి. జీపుకు 16 అంగుళాల రిమ్ములు కాబట్టి వాటితో కొలత సరిచూసుకోవచ్చు. కానీ ఆ 16 అంగుళాలు టైరు కూర్చునే చోటి కొలత. కంటికి కనిపించే అంచు ఇంకాస్త బయటికి ఉంటుంది.

రంగు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. నలుపు తెలుపు ఫొటోలో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిద రంగుగా కనిపించవచ్చు. పాత ఈస్ట్‌మన్ కలర్ సినిమా ప్రింట్లలో మిగతా రంగులు వెలిసి బొమ్మంతా ఎర్రబారుతుంది. మద్రాసు స్టూడియోల తెలుగు సినిమాల్లో జమీందారు దిగే కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో, వెనక దీపం ఏ ఆకారంలో ఉందో చూడవచ్చు. రంగు మాత్రం వాటిని బట్టి నిర్ణయించకూడదు. కోడాక్రోమ్ స్లైడ్లు చీకట్లో భద్రంగా ఉంటే రంగు బాగా నిలుపుకుంటాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 1939-44 మధ్య ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు తీసిన 1,600 దాకా రంగు ఫొటోలున్నాయి. వీధుల్లో నిలబెట్టిన కార్ల దుమ్ము, అరిగిన టైర్లు, వెలిసిన పెయింటు వాటిలో కనిపిస్తాయి. ఎవరైనా ఇంట్లోంచే చూడవచ్చు.

కంపెనీ పత్రాల విషయంలోనూ దూరం పెద్ద అడ్డంకి కాదు. జనరల్ మోటార్స్ తన పాత కార్లకు ఏడాది వారీగా కొలతలు, రంగులు, అదనపు సామగ్రి వివరాలు ఉచితంగా అందుబాటులో పెట్టింది. డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి బెన్సన్ ఫోర్డ్ పరిశోధన కేంద్రం ఉంది. డెట్రాయిట్ ప్రజా గ్రంథాలయంలో మోటారు వాహన చరిత్రకే ప్రత్యేక విభాగం ఉంది. ఆ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడున్న మేనల్లుడినో పిన్ని కూతురినో ఒక శనివారం మ్యూజియానికి వెళ్లి కారు వెనకవైపు, కిందివైపు ఫొటోలు తీయమంటే ఏ బ్రోచర్‌లోనూ లేని వివరాలు చేతికొస్తాయి. ఇక్కడ హైదరాబాద్ పురానీ హవేలీ నిజాం మ్యూజియంలో ప్యాకార్డ్ కారుంది. వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత తెలుగు పత్రికలకు నిలయాలు. మన దగ్గర అమ్మిన బండి ఎలా ఉండేదో తెలిపే ప్రకటనల కోసం వాటి పేజీలు తిరగేయాలి.

మ్యూజియం కారునైనా, ముస్తాబు చేసిన ప్రదర్శన కారునైనా గుడ్డిగా అనుసరించకూడదు. ఫ్యాక్టరీలో లేనంత మెరుపు వాటికి వస్తుంది. పాత టైర్లు దొరక్క కొత్త రకం వేస్తారు. అమెరికన్ కార్ల టైర్లకు ఉండే తెల్లపట్టీ 1961 దాకా వెడల్పు, 1962 నుంచి సన్నం. 1957 కారుకు సన్నపట్టీ టైర్లు కనిపిస్తే అవి తర్వాత మార్చినవని అర్థం. కనీసం రెండు వేర్వేరు ఆధారాలు ఒకే మాట చెప్పేదాకా ఏ వివరాన్నీ ఖాయం చేయకపోవడం మంచి మోడలర్ల నియమం.

ఆధారాలు కుదిరాక కావలసిన చెక్క కూడా పొరుగునే ఉంది. అదే రైలు మార్గంలో ఉన్న కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి మెత్తగా, తేలికగా ఉండి కత్తికి చక్కగా లొంగుతుంది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అక్కడి కళాకారులు భాగాలు అతికి, వంపులు తీరుస్తారు. ఎత్తు బానెట్‌కు కావలసిన అచ్చును ఈ చెక్కతో చెక్కి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి పరిస్తే కిట్‌లో లేని భాగం తయారవుతుంది.

ఇలా చేసిన జీపు అలమరలో అందంగా ఉంటుంది, నిజమే. దాని అసలు విలువ పక్కన పెట్టే ఫైలుతో పెరుగుతుంది. పెద్ద కంపెనీలు తమ అమెరికా కార్ల చరిత్ర రాసుకున్నాయి. బొంబాయిలో బిగించి, ఖమ్మం అడవి దారుల్లో తిరిగి, ఆటోనగర్‌లో మూడుసార్లు రూపం మార్చుకున్న జీపు చరిత్ర ఎవరూ రాయలేదు. దాని కాగితాలు పాత ట్రంకు పెట్టెల్లో, పెళ్లి ఆల్బముల్లో, షెడ్డు గోడల మీద ఉన్నాయి. దొరికిన ప్రతి ఫొటోనూ ముందూ వెనకా 600 డీపీఐలో స్కాన్ చేయాలి. ఆర్‌సీలో యజమాని పేరు, చిరునామా మూసేసి వివరాల పేజీని భద్రపరచాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి మాట మీద ఏ కొలత తీసుకున్నదీ కింద రాయాలి. అప్పుడు మధిరలోనో వైరాలోనో ఇంకొకరు అదే బండి చేయబోతే బానెట్ ఎత్తు దగ్గర నుంచి మళ్లీ వెతుక్కోనవసరం ఉండదు.