ఏం కూర?

రోజూ పొద్దుగూకే వేళకు ధర్మసాగర్ నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. బాగున్నవా అని అడగదు. పిల్లల సంగతి కూడా తర్వాతే. ముందు "ఏం కూర?" అంటుంది. నేను హన్మకొండకు కాపురానికి వచ్చి ఇరవై రెండేండ్లయింది. మొదట్లో కిరాణా కొట్టు ముందరి కాయిన్ బాక్సులో రూపాయి బిళ్ల వేసి నేనే చేసేదాన్ని. ఆ రూపాయి మాటల్లో కూడా మొదటి మాట అదే.

నా జవాబులోంచి మిగతా సంగతులన్నీ ఆమె అడగకుండానే తీసుకుంటుంది. టమాట కోడిగుడ్డు అన్నానంటే ఆఫీసులో ఆలస్యమైందని అర్థం. వరసగా మూడు రోజులు పప్పుచారు అంటే నెలాఖరు. చామగడ్డ పులుసంటే ఇయ్యాల కొంచెం తీరిక దొరికింది. ఎల్లిపాయ కారం వేసుకుని తిన్నామంటే మాత్రం ఆమె గొంతు మారుతుంది. "ఏమైంది బిడ్డా, పానం మంచిగ లేదా?" అంటుంది.

ఈ అలవాటు ఆమెకు గోడ దగ్గర వచ్చింది. మా ఇంటికీ పక్కింటికీ నడుమ నడుమెత్తు మట్టిగోడ ఉండేది. పక్కింటామె అమ్మకు వదినె వరస, నాకు అత్తమ్మ. పొయ్యి మీద అన్నం ఉడుకు పట్టే వేళకు ఇద్దరూ గోడకు చెరోదిక్కు వచ్చేవాళ్లు.

"ఏం కూర వదినే?"

"గోకరకాయ. నీది?"

"పుంటికూర పప్పు."

"ఇంత ఏసియ్యి. మా పిల్లగానికి పుంటికూరంటే పానం."

గిన్నె గోడ మీదికి ఎక్కేది. మళ్లీ అటు నుంచి ఇటు దిగేటప్పుడు ఉత్తగా దిగేది కాదు. గోకరకాయ కూరో, అది అయిపోతే రెండు దోసకాయలో, పిడికెడు చింతపండో, ఏదీ లేకపోతే రెండు రెబ్బల కరివేపాకో అందులో ఉండాల్సిందే. కడిగిన గిన్నెను ఖాళీగా చేతిలో పెట్టడం మా అమ్మ దృష్టిలో మర్యాద తప్పడం.

ఇచ్చిపుచ్చుకోవడం అందరికీ కనిపిస్తుంది. నేను ఆలస్యంగా తెలుసుకున్నది వేరే ఉంది. కూర చెప్పడంలో ఒక నేర్పు ఉంది, విన్నదాన్ని అర్థం చేసుకోవడంలో అంతకంటే పెద్ద నేర్పు ఉంది. ఇంట్లో ఏమీ లేని రోజున అత్తమ్మ "పచ్చిపులుసు" అనేది. తల వంచుకుని చెప్పేది కాదు, గొంతు తగ్గించేది కాదు. అమ్మ "మంచిగుంటది ఈ ఎండలకు" అని లోపలికి వచ్చేది. పావుగంట ఆగి మళ్లీ గోడ దగ్గరికి పోయి, "మా ఇంట్ల పప్పు ఎక్కువైంది, పొద్దటికి ఖరాబైతది" అని గిన్నె అటు పెట్టేది. ఆ పావుగంట ఆగడం చాలా ముఖ్యం. వెంటనే ఇస్తే లేదని తెలిసి ఇచ్చినట్టవుతుంది. కొన్ని రోజులు ఆ పప్పు మాకు ఎక్కువైందేమీ కాదు. ఆ పూట మా తలెల్లో పప్పు పలచబడేది.

పచ్చిపులుసు పేదకూర అన్న మాట నిజమే. అయితే దాన్ని అల్కగా చేయవచ్చని అనుకుంటే పొరపాటు. పొయ్యి మీద కాగేది కాదు కనుక తప్పు చేస్తే దిద్దుకోవడానికి మంట సాయం ఉండదు. చింతపండు నానబెట్టి పిసికి, నీళ్లు ధారాళంగా కలపాలి. పచ్చిమిరపకాయలను నిప్పుల మీద కాల్చి ఉప్పుతో నలపాలి. ఉల్లిగడ్డ సన్నగా కోసి చేత్తోనే చిదమాలి, కత్తికే వదిలేస్తే పులుసులోకి దాని రసం దిగదు. వేయించిన నువ్వుల పొడి, కొత్తిమీర, ఆఖరున ఎండుమిరపకాయల పోపు. అమ్మ చేస్తే అన్నంలో కలుపుకోగా మిగిలింది గ్లాసులో పోసుకుని తాగేవాళ్లం.

వరంగల్ వాళ్లం సర్వప్ప అని పిలుచుకునే సర్వపిండికి పంచుకోవడం దాని చేతలోనే ఉంది. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు, కారం కలిపి గుండ్రటి గిన్నె లోపలి అంచులకు చేత్తో ఒత్తి, వేలితో పొక్కలు పెట్టి నూనె పోస్తారు. ఒకటి కాలి దిగాక ఆ గిన్నెలో వెంటనే రెండోది ఒత్తలేం, చెయ్యి కాలుతుంది. గిన్నె బోర్లించి నీళ్లు పోసి చల్లారేదాకా ఆగాలి. ఆ ఆగే సమయంలో వాసన గోడ దాటి పోతుంది, పక్కింటి పిల్లలు వచ్చి నిలబడతారు. మొదటిది ఎప్పుడూ వాళ్లదే. ఇంటివాళ్లకు మూడోది దక్కితే గొప్ప.

"ఏం కూర?" అన్న ప్రశ్నకు మా ఓరుగల్లులో పాత జవాబు ఒకటి ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామం 15వ శతాబ్ది నాటిదంటారు. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ లక్ష్మణవజ్ఝల ఇంటి పూటకూటి భోజనం సంగతి చెప్పుకుంటారు. సన్నన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డ పెరుగు. ఇదంతా ఒక్క రూకకు. ఆరు వందల ఏండ్ల కిందటి పూటభోజనం పద్యం పుణ్యమా అని మనదాకా వచ్చింది. ధర తెలిసింది, ఇంటి యజమాని పేరు తెలిసింది. ఆ నెయ్యి కాచిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ పద్యంలో లేదు.

"ఏం కూర" అన్న ప్రశ్నే అంత పాతది కాదేమో అని కూడా అనిపిస్తుంది. మా నాయినమ్మ చెప్పేది, వాళ్ల కాలంలో అడిగేది "అన్నమా, గట్కనా?" అని. జొన్నగట్క, మక్కగట్క రోజూ ఉండేవి, వరి అన్నం పండుగకు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఎన్నో ఇండ్లలో అన్నం ప్రతిరోజు సంగతి అయింది. ఇప్పుడు 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోలు సన్నబియ్యమే ఇస్తున్నారు. అన్నం ఉన్నదని నమ్మకం కలిగిన ఇంట్లోనే "ఏం కూర?" అని అడగగలం. నాయినమ్మ ఆఖరి రోజుల్లో మేం కూర బాగాలేదని అలిగితే ఆశ్చర్యంగా చూసేది.

ఒక్క రోజు మాత్రం మా ఊళ్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అది చెరువులో వలలు పడ్డ రోజు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా మా ధర్మసాగర్‌కు ఎక్కి వస్తాయి. ఇక్కడి నుంచి పొలాలకూ పోతాయి, వరంగల్ నగరం నల్లాలకూ పోతాయి. ఆ నీళ్లలో పెరిగిన బొచ్చె, రవ్వ, అదృష్టం ఉంటే కొర్రమట్ట గట్టు మీదికి వచ్చిన రోజు ఊరంతా ఒకే పులుసు వాసన. అడగాల్సిన పని లేదు. మరునాడు పొద్దున అడుగుతారు, "రాత్రి పులుసు మిగిలిందా?" అని. చాపల పులుసు నిద్ర చేస్తేనే రుచి.

నాట్ల కాలంలో పొలం ఒడ్డు మీద ఆడవాళ్లు సద్ది గిన్నెలు విప్పడం చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మోకాళ్లదాకా బురద, వేళ్ల కొనలు నాని ముడతలు పడి ఉంటాయి. గుండ్రంగా కూర్చుని మూతలు తీయగానే ఒకరి కూర ఇంకొకరి అన్నం మీదికి పోతుంది. పది మంది ఉంటే పది కూరలు, ప్రతి ఒక్కరి మూతలోనూ పదీ ఉంటాయి. పాలకుర్తి దగ్గరి బమ్మెరలో పుట్టిన పోతన, కృష్ణుడి చుట్టూ గొల్లపిల్లలు చల్దులు తినే ఘట్టం రాశాడు కదా. ఒకడు పక్కవాడి కంచంలోది లాక్కుని మింగి, లేదు చూడు అని నోరు తెరుస్తాడు. ఇంకొకడు ఊరగాయ చూపించి ఊరిస్తాడు. ఆయన ఆ పద్యాలను ఏ పొలం ఒడ్డున నిలబడి చూసి రాశాడో నాకు తెలిసినట్టే ఉంటుంది.

అయితే గిన్నె ఎటు పోయిందో చెప్పినదాన్ని ఎటు పోలేదో కూడా చెప్పాలి. మా పొలంలో నాటుకు మాలవాడ, మాదిగవాడల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్ల గుండ్రం వేరుగా ఉండేది, చింతచెట్టు అవతల. మా ఇంటి కూర వాళ్ల గిన్నెలోకి పైనుంచి జారేది. వాళ్ల కూర మా గిన్నెలోకి ఎన్నడూ రాలేదు. వాళ్ల సద్దిలో ఏముందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. పదేండ్ల వయసులో ఒకసారి నేను పోయి అడిగాను. "తునకల కూర బిడ్డా" అని నవ్విందామె. నాకింత పెట్టు అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. ముందు అటూ ఇటూ చూసింది. "వద్దు బిడ్డా, మీ నాయినమ్మ కొడ్తది" అని మూత పెట్టేసింది. ఆ మూత చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా మట్టిగోడ మీద తిరిగిన గిన్నెను ఎంత ప్రేమగా తలుచుకున్నా, ఆ మూతను పక్కన పెట్టి తలుచుకోవడం అబద్ధమవుతుంది.

అది పాతకాలం అనుకోవడానికీ లేదు. రెండేండ్ల కింద నాతో పనిచేసే ఒకామె హన్మకొండలో కిరాయి ఇల్లు చూడటానికి పోయింది. ఇల్లుగలాయన అద్దె సంగతి మాట్లాడక ముందే, "మీ ఇంట్ల ఏం కూరలు వండుతరు?" అని అడిగాడట. ఆమెకు ఆ ఇల్లు దొరకలేదు. కులం నోరు తెరిచి అడగలేనివాళ్లు కూర అడుగుతున్నారు. అత్తమ్మ గోడ మీద మోచేతులు ఆనించి అడిగిన మాటే అది. ఆ మాట ఇట్లా వాడటం చూస్తే నాకు కోపం వస్తుంది.

మగవాళ్లు అడిగే "ఏం కూర?" ఒకటి ఉంది. కాళ్లు కడుక్కుని, తలె ముందు కూర్చుని అడిగేది. అప్పటికి కూర ఉడికిపోయింది, అడిగి చేసేదేమీ లేదు. జవాబు విన్నాక ముఖం ఎట్లా పెడతారో అన్నదే మిగిలింది. మా నాయిన మంచివాడు, ఏనాడూ తలె నెట్టలేదు. కానీ నలభై ఏండ్లకు పైగా ఆయన ఆ ప్రశ్నను తలె ముందే అడిగాడు. రోజుకు రెండు పూటలు, నలభై ఏండ్లంటే 29,200 పూటలు. అన్నిసార్లు ఏం వండాలో అమ్మ ఒక్కతే ఆలోచించింది. ఎవరికి దగ్గు, ఎవరికి ఉపవాసం, బుట్టలో ఏది వాడిపోతున్నది, నిన్న ఏం తిన్నారు, రేపటికి నూనె చాలుతుందా. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. కోసే నిమిషాలు, తోమే నిమిషాలు ఆ లెక్కకు అందుతాయి. పడుకునే ముందు చీకట్లో "రేపేం కూర" అనుకునే నిమిషాలు ఏ లెక్కలో పడతాయో.

పోయిన వానకాలం అమ్మకు చికున్‌గున్యా వచ్చింది. జ్వరం తగ్గింది కానీ కీళ్లు పట్టేశాయి. గంటె పట్టుకుంటే చెయ్యి వణికి జారిపోయేది. నేను రెండు రోజులు ఉండి వండి పెట్టి వచ్చాను. తర్వాత నాలుగు రోజులు నాయిన కర్రీ పాయింట్ నుంచి పొట్లాలు తెచ్చాడు. అత్తమ్మ లేదు, కొడుకు దగ్గరికి పోయి మూడేండ్లయింది. మట్టిగోడ ఉన్నచోట ఇటుకల గోడ లేచింది, అటువైపు ఏం వండుతున్నారో వాసన తప్ప తెలియదు. అమ్మ ఆ పొట్లాల కూర తినలేక మజ్జిగన్నం తాగి పడుకుంటున్నదని నాకు తర్వాత తెలిసింది.

ఐదో రోజు సాయంత్రం ఎప్పటి వేళకే ఫోన్ మోగింది. ఎత్తితే నాయిన గొంతు. ఆయన నాకు తనంతట తాను ఫోన్ చేయడమే అరుదు.

"బిడ్డా, పచ్చిపులుసుల నువ్వుల పొడి పోపుకు ముందెయ్యాల్నా, ఎనుకనా?"

నాకు వెంటనే మాట రాలేదు. వెనుక నుంచి అమ్మ గొంతు సన్నగా వినిపిస్తున్నది, ముందు మిరపకాయలు కాల్చుమను, ఉల్లిగడ్డ చేత్తోని పిసుకుమను అని. ముందే వెయ్యి నాయినా, బాగా కలిపి పోపు ఆఖరుకు పెట్టు, మంట తగ్గించుకో అన్నాను. ఆయన ఫోన్ ఎక్కడో ఆనించి పెట్టాడు. గిన్నె జరిగిన చప్పుడు, ఆవాలు చిటపటలాడిన చప్పుడు, పులుసులో పోపు పడ్డ చప్పుడు అన్నీ వరసగా వినిపించాయి.

కాసేపటికి అమ్మ ఫోన్ అందుకుంది.

"నీది ఏం కూర?"