మృచ్ఛకటికమున సాక్ష్యవిచారము

శూద్రకుని మృచ్ఛకటికము నవమాంకమున చారుదత్తుడు దండితుడగుటకు శకారుని దౌష్ట్యమొక్కటే కారణమనుట సమగ్రము కాదు. అధికరణికుడు దుష్టుడు కాడు. చారుదత్తునియెడ గౌరవము కలవాడు. వసంతసేన హతురాలైనదన్న పుష్పకరండకోద్యానమునకు వీరకుని గుఱ్ఱముపై పంపి పరీక్షింపజేసెను. మృగములు చీల్చిన కళేబరమును వీరకుడు చూచి వచ్చెను. అది స్త్రీదని యెట్లు తెలిసినదని సభవారడిగిరి. మిగిలిన కేశకరచరణములవలన నని యాతడు చెప్పెను. ఆ స్త్రీ యెవరు, ఎట్లు మరణించెను అను ప్రశ్నలు మాత్రము పుట్టలేదు. చెట్టు కూలి యొక స్త్రీ మరణించినదని అష్టమాంకముననే విటుడు పలికియున్నాడు. దానిని ప్రేక్షకుడెఱుగును, సభ యెఱుగదు.

నగల విషయము నిట్టిదే. మైత్రేయుని చంకనుండి జారిపడినవి వసంతసేన యాభరణములే. వానిని పోలినవేగాని యవి కావని యామె తల్లి పలికినను, అవి యామెవేయని చారుదత్తుడొప్పుకొనెను. ఆమెయే వానిని బాలుని మట్టిబండిలో నుంచినది. మరల నిచ్చుటకై మైత్రేయుడు కొనిపోవుచుండెను. అవి యామెను వీడిన విధమును మాత్రము చారుదత్తుడు స్పష్టముగా చెప్పలేకపోయెను. అధికరణికుడు బహిష్కారమును సూచింపగా, పాలకుడు మరణదండనము విధించెను.

వస్తువు దొరకిన చోటును, అది చేతులు మారిన క్రమమును నేటి నేరపరిశోధకులు లిఖించుట యిట్టి ప్రమాదమును వారించుటకే. శూద్రకుడు చూపినది కేవలము కూటసాక్ష్యము కాదు. నిజమైన వస్తువులనుండి పుట్టిన యసత్యనిర్ణయము. ఈ యంకమునకు గల బలమందే యున్నది.