ఇల్లు ఖాళీ చేసేత్తే పోద్ది కదండీ!

దెయ్యం సినిమా చూసేటప్పుడు మా కాట్రేనికోన జనం భయపడే ముందు ఒక ప్రశ్న వేస్తారు. తెర మీద తలుపు దానంతటదే మూసుకుంటుంది. లైటు ఆరి వెలుగుతుంది. హీరోయిన్ అర్ధరాత్రి ఒంటరిగా మేడమెట్లు ఎక్కుతూ ఉంటుంది. అప్పుడు వెనక వరసలోంచి ఓ గొంతు లేస్తుంది: "ఇల్లు ఖాళీ చేసేత్తే పోద్ది కదండీ, ఈళ్ళకేం కర్మ?" పక్కనున్నాయన "ఆయ్, అదేగా!" అంటాడు. ఇక ఆ సినిమా పని అయిపోయినట్టే. ఆ తర్వాత దర్శకుడు ఎంత వికారమైన మొహం చూపించినా హాలు నవ్వుతూనే ఉంటుంది.

అమలాపురంలో రెండో ఆటల కాలం నుంచి ఇప్పుడు ఫోన్లో చూసే ఓటీటీ దాకా, దెయ్యం సినిమా వచ్చిందంటే వదలని అలవాటు నాది. తెర మీద బొమ్మ కంటే పక్కవాళ్ళ మొహాలే ఎక్కువ చూస్తాను. అలా చూడగా నాకు తేలింది ఇది: దెయ్యాన్ని చూపించడం మేకప్ వాళ్ళు, గ్రాఫిక్స్ వాళ్ళు చేసి పెడతారు. మనుషుల్ని ఆ ఇంట్లో ఆపి ఉంచడం మాత్రం కథ రాసేవాడే చేయాలి. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు.

విఠలాచార్యకు ఈ బాధ లేదు. 1978లో వచ్చిన 'జగన్మోహిని'లో జయమాలిని దెయ్యమై ఇంట్లో చేరి, కట్టెలకు బదులు కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తే జనం నోరు తెరుచుకుని చూశారు, ఆపైన పడీపడీ నవ్వారు. అది జానపద లోకం. అక్కడ అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. అనగనగా ఒక ఊళ్ళో జరిగే కథను ఇల్లెందుకు మారలేదని ఎవరూ నిలదీయరు. దెయ్యం మనలాంటి వాళ్ళ ఇంట్లోకి, గ్యాస్ పొయ్యి, స్కూటరూ ఉన్న ఇంట్లోకి దిగినప్పుడే చిక్కొచ్చింది.

రాంగోపాల్ వర్మ 1992లో 'రాత్రి'తో చేసింది అదే. మామూలు మధ్యతరగతి కుటుంబం, కొత్తగా చేరిన ఇల్లు, చదువుకునే అమ్మాయిగా రేవతి. మణిశర్మ నేపథ్య సంగీతంతో మొదటిసారి వినిపించిందీ ఆ సినిమాలోనే. భయం చెవుల్లోంచి వస్తుందని మా వాళ్ళకు అప్పుడే తెలిసింది. కళ్ళు మూసుకున్నవాళ్ళకే ఎక్కువ వణుకు పుట్టింది. అయితే నన్ను పట్టుకున్నది కథలోని కిటుకు. ఇంట్లో ఏదో ఉందని ఇంట్లోవాళ్ళు గ్రహించేసరికి అది ఇంటిని దాటి పిల్లలోకి వచ్చేసింది. మన భాషలో చెప్పాలంటే, పిల్లకు గాలి సోకింది. ఇక ఏ ఊరెళ్ళినా దాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాల్సిందే. ఖాళీ చేయమనే మాటకు అక్కడే తాళం పడింది.

అదే వర్మ 2003లో హిందీలో తీసిన 'భూత్'లో మరో జవాబు ఇచ్చాడు. బొంబాయిలో ఎత్తయిన భవనంలో ఫ్లాట్. అందులో ముందు ఉన్నావిడ చనిపోయిందని భర్తకు తెలుసు, భార్యకు చెప్పడు. మంచి ఇల్లు చేజారుతుందని దాచిన ఆ ఒక్క మాటే తర్వాత ఆమెను పట్టుకుంటుంది. దెయ్యం కంటే ముందు ఆ మగాడి మౌనం ఉంది. అది మనకు తెలిసిన మౌనమే. స్థలం కొనేటప్పుడు, సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనమూ ఎన్ని దాచమూ?

పరదేశపు సినిమాలూ ఈ ప్రశ్న దగ్గరే తంటాలు పడ్డాయి. 2013 నాటి 'ది కంజ్యూరింగ్'లో ఆ కుటుంబం ఉన్న డబ్బంతా ఇంటి మీదే పోసేసింది. కాబట్టి కదలలేదు. 'ఇన్సిడియస్'లో నిజంగానే ఇల్లు మారుస్తారు. కొత్తింట్లోనూ అదే తంతు, ఎందుకంటే పట్టుకున్నది పిల్లాణ్ణి. ప్రేక్షకుడు అడగబోయేది ముందే ఊహించి, వాడి సలహానే పాటించి, అయినా లాభం లేదని చూపించడం గొప్ప ఎత్తు.

మనవాళ్ళు మధ్యలో కొన్నేళ్ళు మరో దారి పట్టారు. జవాబు చెప్పడం కష్టమైనప్పుడు నవ్వులోకి దిగారు. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' వాళ్ళు చచ్చిపోదామనే ఆ ఇంటికి వస్తారు. చావడానికి వచ్చినవాళ్ళు దెయ్యాన్ని చూసి పరుగులు తీయడమే అక్కడి హాస్యం. 2015లో 'రాజుగారి గది'కి కారణంగా టీవీ షో బహుమతి సొమ్ము దొరికింది. 2017లో 'ఆనందో బ్రహ్మ' ఇంకో అడుగు వేసి, డబ్బవసరం ఉన్న మనుషుల్ని ఇంట్లోకి పంపి, దెయ్యాలే భయపడేలా చేసింది. నాకది ఆ వరసలోకెల్లా తెలివైన ఆలోచన. ఈ సినిమాలు వెనక వరస కుర్రాడి వెటకారాన్ని తెర మీదికే తెచ్చి పెట్టాయి. అయితే అదే ఉపాయం మళ్ళీ మళ్ళీ వాడేసరికి దెయ్యం పాతబడింది. పాతబడిన దెయ్యాన్ని చూసి భయమూ రాదు, నవ్వూ రాదు.

2022 నవంబరులో 'మసూద' వచ్చింది. భర్తకు దూరంగా, బడిలో పాఠాలు చెప్పుకుంటూ కూతుర్ని పెంచుకునే తల్లి నీలంగా సంగీత నటించింది. సాయికిరణ్ దర్శకుడు. దాన్ని చూస్తున్నప్పుడు మా వరసలో ఆ మామూలు ప్రశ్న రాలేదు. ఇంటికొచ్చే దారిలో ముమ్మిడివరం దాటాక ఒకావిడ అన్న మాట నాకు సమీక్షలన్నిటికంటే విలువైనది: "మొగుడు లేకుండా ఆడపిల్లని పెట్టుకునున్న మనిషికి ఇంకో ఇల్లు ఎవరిత్తారండీ?" పైగా సాయానికొచ్చేది పక్కింటి కుర్రాడు. దెయ్యాన్ని పోగొట్టేది ముస్లిం బాబా. బిడ్డకు జ్వరం తగ్గకపోతే దర్గాకు తీసుకెళ్ళి తాయెత్తు కట్టించే ఊళ్ళలో ఆ మంత్రం గురించి ఎవరూ వివరం అడగరు.

మరుసటి ఏడాది 'విరూపాక్ష' ఏకంగా ఊరికే తలుపులు వేసింది. రుద్రవనానికి అష్టదిగ్బంధనం వేశాక లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. లాక్‌డౌన్ చూసొచ్చిన జనానికి అది ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంతకీ ఆ ప్రశ్న మా మండలంలో అంత గట్టిగా ఎందుకు మోగుతుందని చాలాకాలం ఆలోచించాను. కాట్రేనికోన నుంచి సముద్రం వైపు వెళ్తే పల్లం, బలుసుతిప్ప, మగసానితిప్ప వస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దిగువన తీరం దాటిన తుఫాను బలుసుతిప్ప లాంటి పల్లెల్ని ఊడ్చేసింది. వేటకెళ్ళిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. అంతకుముందు ఏడాది జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. మంట ఆరగానే జనం వెనక్కి వచ్చి కొబ్బరితోటల్లో పనులు మొదలుపెట్టారు. బలుసుతిప్ప ఇప్పటికీ ఉంది. వల అక్కడే, అప్పు అక్కడే, రేషన్ కార్డూ అక్కడే. ఎక్కడికని వెళ్తారు?

కాబట్టి "ఖాళీ చేసేత్తే పోద్ది కదా" అని వెటకారం చేసేవాడు, ఖాళీ చేయడం ఎంత కష్టమో తెలిసినవాడే. వాడు కథలో తప్పు పట్టడం లేదు, కారణం చెప్పమంటున్నాడు. కారణం సరిగ్గా ఉంటే వాడే అందరికంటే ముందు నోరు మూసుకుని చూస్తాడు. కారణం లేని భయం లంగరు లేని పడవ, నవ్వుల గాలికే కొట్టుకుపోతుంది.

ఫోన్లో చూడడం మొదలయ్యాక ఈ లెక్క ఇంకా కఠినమైంది. హాల్లో టిక్కెట్టు డబ్బులు, పక్కన స్నేహితులు మనల్ని కూర్చోబెట్టేవారు. ఇంట్లో బొటనవేలు ఒక్కటి కదిపితే దెయ్యం మాయం. పాత్రలకు ఇల్లు వదలలేని కారణం లేకపోతే, చూసేవాడికి సినిమా వదలకుండా ఉండే కారణమూ లేదు.

ఈ మధ్య మా వైపు కుర్రాళ్ళు ముచ్చటగా షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. తాళం వేసున్న పాత మండువా లోగిలి ఏదైనా కనబడితే చాలు, దెయ్యం కథ సిద్ధం. తెల్ల లెన్సులు, పొగ మిషను అద్దెకు తెచ్చుకుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. దెయ్యం ఎవరన్నది తర్వాత చూసుకోండి. ముందు ఆ ఇంటి సంగతులు ఒక కాగితం మీద రాయండి. ఇల్లు ఎవరి పేరున ఉంది, దాని మీద బాకీ ఎంత, మంచాన పడ్డ ముసలమ్మ ఏ గదిలో ఉంది, పరీక్షలు రాయాల్సిన పిల్ల ఏ బడికి వెళ్తోంది, అన్నదమ్ముల పంపకం ఎక్కడ ఆగింది. ఆ కాగితం నిండాక కూడా ఆ కుటుంబానికి వెళ్ళిపోయే దారి కనిపిస్తోందంటే కథ మళ్ళీ మొదటి నుంచి రాయండి. కనిపించకపోతే కెమెరా తీయండి. పొగ మిషను అద్దె డబ్బులు మిగులుతాయి.