తాబేలు చెప్పిన లెక్కలు

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక శనివారం సాయంత్రం పెన్సిలు బల్ల మీద పెట్టేసి, "నాన్నా, ఐ యామ్ నాట్ ఎ మ్యాథ్ పర్సన్" అంది. ఏడవలేదు, విసుక్కోలేదు. తనకి వంకాయ కూర పడదని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ మామూలుతనమే నన్ను భయపెట్టింది.

అప్పటికి రెండేళ్ళుగా దాన్ని వారానికి రెండు రోజులు లెక్కల కోచింగ్‌కి తీసుకెళ్తున్నాం. పేజీకి ఇన్ని లెక్కలు, పేజీకి ఇన్ని నిమిషాలు. ఆవేళ పద్నాలుగు తప్పులొచ్చాయి. వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టింది కోచింగ్ వాళ్ళు కాదు, నేనే.

ఇక నా సంగతి. ఇరవై ఏళ్ళకు పైగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాణ్ణి. రాసింది మొదటిసారే సరిగ్గా పనిచేసిన రోజులు నా ఉద్యోగంలో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా తప్పులు నేనే వెతుక్కుని దిద్దుకుంటూ ఉంటాను, అందుకు నెలనెలా జీతం కూడా ఇస్తున్నారు. అలాంటివాణ్ణి, పన్నెండేళ్ళ పిల్ల లెక్క తప్పితే ఎర్ర పెన్ను తీశాను. ఇందులో ఏదో తేడా ఉందని నాకు తట్టడానికి ఒక పాత పుస్తకం అవసరమైంది. మా ఊరి లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే ఒక డాలరుకి కొన్నాను. సీమోర్ పాపర్ట్ రాసిన 'మైండ్‌స్టార్మ్స్' దాని పేరు. 1980లో వచ్చింది.

ఆ పేరు మన పిల్లల్లో చాలామందికి తెలుసు, కానీ పుస్తకంగా కాదు. 1998 నుంచి 2022 దాకా లెగో కంపెనీ అమ్మిన రోబో సామగ్రికి ఆ పేరు ఈ పుస్తకం నుంచే వచ్చింది. పాపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. గణిత శాస్త్రజ్ఞుడు. జెనీవాలో జాఁ పియాజే దగ్గర పిల్లలు ఎలా ఆలోచిస్తారో పరిశీలించాడు. తరవాత ఎమ్.ఐ.టి.కి వచ్చి, 1967లో వాలీ ఫోయర్‌జైగ్, సింథియా సాలమన్ తదితరులతో కలిసి పిల్లల కోసం 'లోగో' అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాడు. ఇవాళ బళ్ళలో పిల్లలు వాడే 'స్క్రాచ్' (2007) ఆ వంశంలో పుట్టిందే. పాపర్ట్ 2016లో పోయాడు.

పుస్తకం ముందుమాటలో పాపర్ట్ తన చిన్నతనం గురించి చెప్తాడు. పసివాడిగా ఉన్నప్పుడే అతనికి కారులోని పళ్ళచక్రాలంటే ప్రాణం. తరవాత బడిలో ఎక్కాలు నేర్చుకుంటున్నప్పుడు వాటిని పళ్ళచక్రాలుగా ఊహించుకున్నాడట. రెండు చరరాశుల సమీకరణం కనపడగానే కారులో రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగడం గుర్తొచ్చిందట. మా ఊరి బళ్ళో మేం పంతొమ్మిదో ఎక్కం రాగం తీసి చదివేవాళ్ళం. నాకు ఆ రాగం ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ రాగానికీ, దేనికో దేన్ని హెచ్చవేయడానికీ సంబంధం ఉందని చాలాకాలం దాకా తెలియలేదు.

ఈ పుస్తకంలో అసలు వాదం మనలాంటి వలస కుటుంబాలకి చాలా సులువుగా అర్థమవుతుంది. అమెరికా పిల్లలు బళ్ళో ఫ్రెంచి నేర్చుకోవడానికి నానా అవస్థ పడతారు. అదే పిల్లలు ఫ్రాన్సులో పుట్టి ఉంటే ఎవరూ నేర్పకుండానే మాట్లాడేవారు. కాబట్టి వాళ్ళకి ఫ్రెంచి 'రాని బుర్ర' ఉందనడం అర్థం లేని మాట. మరి లెక్కలు రాని బుర్ర అని మాత్రం ఎందుకంటాం? ఫ్రెంచికి ఫ్రాన్సు ఉన్నట్టు లెక్కలకీ ఒక దేశం ఉంటే? దానికి 'మ్యాథ్‌లాండ్' అని పేరు పెట్టాడు. కంప్యూటరు ఆ దేశపు భాష మాట్లాడగలదు కనక, పిల్లలు దానితో మాట్లాడుతూ లెక్కలు నేర్చుకుంటారని అతని ఆశ.

ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మన పిల్లలకి తెలుగు రాకపోతే, "వీడికి తెలుగు బుర్ర లేదు" అని ఎవరమైనా అంటామా? ఇంట్లో వినపడటం లేదు, అందుకే రాలేదంటాం. వేసవిలో తాతగారింట్లో ఆరు వారాలుండి వచ్చిన పిల్లాడు "అమ్మమ్మా, ఇంకాస్త పప్పు వెయ్యి" అనడం కళ్ళారా చూసినవాళ్ళం. భాష విషయంలో మనకింత స్పష్టంగా తెలిసిన సంగతి, లెక్కల దగ్గరకొచ్చేసరికి మరిచిపోతాం. అక్కడ పిల్లలు రెండే రకాలు, వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ.

పుస్తకంలో చెప్పింది నిజమో కాదో చూద్దామని, మా ఊరి తెలుగు బడిలో శనివారం పాఠం అయ్యాక ఒక గంట అడిగి తీసుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పదకొండుమంది, అందులో మా అమ్మాయి ఒకతి. లోగోలో తెర మీద ఒక తాబేలు ఉంటుంది. ముందుకి ఇన్ని అడుగులు వెయ్యి, కుడికి ఇన్ని డిగ్రీలు తిరుగు అని చెప్తే, నడిచినంత మేరా గీత గీస్తుంది. పైథాన్ భాషలో ఇప్పటికీ ఆ తాబేలు ఉంది. మేం దాన్నే వాడాం.

మొదటి రోజు సమబాహు త్రిభుజం గియ్యమన్నాను. దాని కోణం అరవై డిగ్రీలని పదకొండుమందికీ తెలుసు. వంద అడుగులు ముందుకి, అరవై డిగ్రీలు కుడికి, మూడుసార్లు. త్రిభుజం రాలేదు. మూడు గీతలూ కలవకుండా మూకుడులా నోరు తెరుచుకుని నిలబడ్డాయి. కోచింగ్‌లో ముందుండే కుర్రాడొకడు, "కంప్యూటర్ ఈజ్ రాంగ్ అంకుల్" అన్నాడు.

పాపర్ట్ ఇక్కడ ఏం చెయ్యమంటాడంటే, నువ్వే తాబేలువి అనుకో, లేచి నడువు అంటాడు. నేల మీద టేపుతో త్రిభుజం అతికించి ఆ కుర్రాణ్ణి నడవమన్నాను. మొదటి మూలకొచ్చి, రెండో భుజం వైపు తిరగబోయి ఆగిపోయాడు. "చాలా తిరగాలి" అన్నాడు. అవును, చాలా తిరగాలి. లంబకోణం కన్నా ఎక్కువ. లోపలి కోణం అరవై, తాబేలు తిరగవలసింది బయటి కోణం, నూట ఇరవై. అలా మూడుసార్లు తిరిగితే మూడు వందల అరవై. బయల్దేరినప్పుడు ఎటు చూస్తున్నాడో మళ్ళీ అటే చూస్తూ నిలబడ్డాడు.

బాహ్యకోణం గురించి ఎనిమిదో తరగతి పుస్తకంలో పాఠం ఉంది. 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లోనూ అది ఆ తరగతిలోనే ఉంది. పాఠం చదివిన పిల్లలు కూడా ఆవేళ గదిలో ఉన్నారు. కానీ అది తమ కాళ్ళతో తిరిగే కోణమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇంకో మాట. 'ఈక్విలేటరల్' అంటే ఏమిటో పిల్లలు బట్టీపట్టాలి. 'సమబాహు' అంటే చేతులు సమానంగా ఉన్నదని, పక్కగదిలో అప్పుడే తెలుగు చదివి వచ్చిన పిల్లలకి చెప్పగానే తెలిసింది. బాహ్యకోణమంటే బయటి కోణం. మన మాటలు ఇంత సాయపడతాయని నేనూ అనుకోలేదు.

తరవాతి వారం చతురస్రం, షడ్భుజి గీశారు. మా అమ్మాయి ఏడు భుజాలది కావాలంది. 360ని 7తో భాగిస్తే కాలిక్యులేటరు 51.428571 అని ఇంకా ఏదో చూపించింది. అన్ని అంకెలు ఎవరు కొడతారని 51 వేసింది. ఆఖరి గీత మొదటి గీతని చేరలేదు. 52 వేస్తే దాటిపోయింది. ఏడు యాభైఒకట్లు 357, మూడు డిగ్రీలు తక్కువ. ఏడు యాభైరెండ్లు 364, నాలుగు ఎక్కువ. తక్కువా ఎక్కువా అదే లెక్కగట్టుకుంది, నన్ను అడగలేదు. కాసేపటికి వచ్చి, "జవాబు బదులు భాగాహారమే అక్కడ రాసెయ్యచ్చా?" అంది. రాయచ్చమ్మా అన్నాను. రాసింది. బొమ్మ మూసుకుంది. ఇంకో పది నిమిషాలకి 7 ఉన్నచోట ఒక అక్షరం పెట్టి, ఎన్ని భుజాలు చెప్తే అన్ని భుజాలూ వచ్చేలా చేసింది. ముప్ఫయ్యారు అంటే దాదాపు గుండ్రంగా వచ్చింది.

బీజగణితం అంటే అదే కదండీ. తెలియని అంకెకి అక్షరం పెట్టడం మనం పిల్లలకి మొదటి రోజే చెప్పేస్తాం. ఆ అక్షరం ఎందుకు కావలసి వచ్చిందో మాత్రం చెప్పం. దానికి కావలసి వచ్చింది, అది పెట్టుకుంది. ఆ సాయంత్రం అది చేసిన తప్పులు పద్నాలుగుకి మించే ఉంటాయి. నేను లెక్కపెట్టలేదు, అదీ లెక్కపెట్టలేదు. పాపర్ట్ పుస్తకంలో నాకు అన్నిటికన్నా విలువైన మాట ఇదే. బడిలో జవాబు తప్పా ఒప్పా అని అడుగుతారు. ప్రోగ్రాం రాసేవాడు దీన్ని ఎలా బాగుచెయ్యాలి అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నకి అలవాటుపడిన పిల్లలకి తప్పంటే అంత భయముండదంటాడు.

అయితే ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. ఇందులో లోపాలున్నాయి.

మొదటిది, అతిగా ఆశపడటం. కంప్యూటర్లు వచ్చాక ఇప్పుడున్న రకం బళ్ళకి చోటుండదని పాపర్ట్ నమ్మాడు. నలభై ఏళ్ళ తరవాత, 2020లో, బళ్ళు నిజంగానే మూతపడి ప్రతి పిల్లా తన గదిలో కంప్యూటరు ముందు కూర్చుంది. మ్యాథ్‌లాండ్ రాలేదు. పంతులమ్మ ఎంత అవసరమో మనకి తెలిసొచ్చింది. మా తెలుగు బడిలో నేలమీద టేపు వెయ్యడానికి ఒక మనిషి కావలసొచ్చింది. తాబేలు తనంతట తాను ఆ పని చెయ్యదు.

రెండోది, ఒకచోట నేర్చింది ఇంకోచోటికి వస్తుందా అన్నది. 1984లో న్యూయార్కులోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీకి చెందిన రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ దీన్ని పరీక్షించారు. తరగతి గదిలో చెయ్యవలసిన పనులకి వరస నిర్ణయించమంటే, ఏడాదిపాటు లోగో నేర్చిన పిల్లలు నేర్వనివారికన్నా మెరుగ్గా చెయ్యలేదు. ఇంగ్లండులో స్క్రాచ్‌తో లెక్కలు నేర్పిన పథకం మీద 2018లో వచ్చిన నివేదిక కూడా పరీక్షల్లో లెక్కల మార్కులు పెరగలేదనే తేల్చింది. 2019లో 105 అధ్యయనాలని కలిపి చూసిన పరిశోధకులు మాత్రం, ప్రోగ్రామింగ్ నేర్చినందువల్ల ఇతర విషయాల్లోనూ కొంత మేలు కనిపించిందన్నారు. కాబట్టి మార్కుల కోసం కోడింగ్ నేర్పించేవాళ్ళు తొందరపడి డబ్బు కట్టకండి.

బ్యాంక్ స్ట్రీట్ వాళ్ళ లాంటి విమర్శలకి పాపర్ట్ 1987లో జవాబు రాశాడు. కర్రతో కట్టిన ఇల్లు కూలిపోతే తప్పు కర్రదేనా అన్నది అతని ప్రశ్న. పైగా, సాహిత్య విమర్శ ఉన్నట్టే కంప్యూటరు విమర్శ అని ఒకటి ఉండాలన్నాడు. పద్యం బాగుందా లేదా అన్నది ఛందస్సుని బట్టి చెప్పలేనట్టే, లోగో మంచిదా కాదా అన్నది ఎవరు ఎలా వాడారో చూడకుండా చెప్పలేం. ఈ మాట ఒప్పుకుంటాను. కానీ ఇల్లు కట్టే మేస్త్రీల గురించి అతను పుస్తకంలో ఇంకాస్త రాసి ఉంటే బాగుండేది.

మూడోది పుస్తకం లోపం కాదు, ఇప్పటి మన లోపం. లెక్కలనీ ప్రోగ్రామింగునీ కలిపి నేర్పేటప్పుడు రెంటి భాషా ఒకటే అనుకోకూడదు. పైథాన్‌లో ఎక్స్ సమానం ఎక్స్ ప్లస్ ఒకటి అని రాస్తే, ఇందాకటి కోచింగ్ కుర్రాడు చెయ్యెత్తి, "దానికి సొల్యూషన్ లేదు అంకుల్" అన్నాడు. వాడన్నది నిజం. లెక్కల్లో అది సున్నా ఒకటికి సమానం అనడమే. పైథాన్‌లో ఆ గుర్తుకి అర్థం వేరు, కుడివైపు విలువ కట్టి ఎడమవైపు పేరుకి ఇవ్వమని. లోగోలో ఈ చిక్కు లేదు, అక్కడ ఆ పనికి 'మేక్' అనే మాట వాడతారు. స్క్రాచ్‌లోనూ 'సెట్', 'చేంజ్' అనే మాటలే. ఇరవై ఏళ్ళుగా ఆ గుర్తు వాడుతున్న నాకు, అది పిల్లాడికి అబద్ధంలా కనిపిస్తుందని తట్టనేలేదు. వాడు అడిగాక తట్టింది.

పుస్తకం చివర పాపర్ట్ బ్రెజిల్ సాంబా బళ్ళ గురించి రాస్తాడు. పిల్లలూ పెద్దలూ, వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ ఒకేచోట చేరి పండగ కోసం నాట్యం నేర్చుకుంటారు. మనం బ్రెజిల్ దాకా వెళ్ళక్కర్లేదు. ఉగాదికి ముందు మన బేస్‌మెంట్లలో జరిగేది అదే. అడుగు తప్పిన పిల్లని ఎవరూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టరు, "మళ్ళీ మొదట్నుంచి" అంటారు, పాట మళ్ళీ మొదలవుతుంది. లెక్కలకి అలాంటి బేస్‌మెంటు ఒకటి మన ఊళ్ళలో ఎందుకుండకూడదు? మనలో సగంమంది కంప్యూటర్ల మీదే బతుకుతున్నాం కదా. ఇప్పుడు జవాబు కావాలంటే యంత్రం క్షణంలో ఇచ్చేస్తోంది, ప్రోగ్రాం కూడా అదే రాసి పెడుతోంది. అది ఇచ్చింది తప్పో ఒప్పో చూసి బాగుచేసుకోవడం మాత్రం పిల్లలకి రావాలి. ఆ విద్య మన చేతుల్లో ఉంది. ఆఫీసులో వదిలేసి ఇంటికొస్తున్నాం, అంతే.

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. లెక్కల్లో మొదటి ర్యాంకేమీ రాలేదు, కోచింగ్ మానేసింది. మొన్న రాత్రి ఒక లెక్క దగ్గర గంటసేపు కూర్చుని, పుస్తకం మూసి లేచింది. ఏమైందమ్మా అన్నాను. "ఎక్కడో బగ్ ఉంది నాన్నా, పొద్దున్న చూస్తా" అని వెళ్ళి పడుకుంది.