వికటకవిని కాదన్న ప్రోగ్రాం

కంప్యూటరు నేర్చుకునేవాళ్ళలో చాలామంది మొదట రాసే ప్రోగ్రాం ‘హలో, వరల్డ్’. 1978లో కెర్నిహన్, రిచీ రాసిన సి భాష పుస్తకంతో ఇది అంతటా పాకింది. మేము పైథాన్‌లో అదే రాశాము. ఒకే ఒక్క వరుస. నేను చివరి కొటేషన్ గుర్తు మరిచిపోతే తప్పు అని చూపించింది, దిద్దగానే పలికింది. ‘హలో’ తీసి ‘నమస్కారం’ పెట్టినా చక్కగా వచ్చింది. మొదటి రోజుకు ఇది మంచి పాఠమే, ఒప్పుకుంటాను.

నా ఫిర్యాదు రెండో పాఠం మీద. ఇచ్చిన మాటను తిరగేసి, రెండూ ఒకటేనా అని చూసే ప్రోగ్రాం అది. పుస్తకంలో ఉదాహరణ ‘మేడం’, ఇంగ్లీషు అక్షరాల్లో. రన్ చేస్తే ‘ట్రూ’ అని వచ్చింది. మా హోసూరులో మా అవ్వ తెనాలి రామకృష్ణుని కథ ఎన్నిసార్లు చెప్పిందో! అందుకే నేను ‘వికటకవి’ అని కొట్టాను. ‘ఫాల్స్’ అన్నది! పక్కనున్న స్నేహితురాలు అదే మాట తమిళంలో కొట్టింది. దానికీ ఫాల్సే.

“మిషనుకు మన భాష రాదులేమ్మా, ఇంగ్లీషులో చెయ్యి” అన్నారు సారు. నాకు కష్టంగా అనిపించింది. ఇంటికొచ్చి “అవ్వా, వికటకవి ఎన్ని అక్షరాలు?” అంటే “అయిదు కదే” అనింది. మర్నాడు ప్రోగ్రాంని అడిగితే ఏడు అంది! ఒక్కోటీ విడిగా ప్రింటు చేసి చూస్తిని. వ, గుడి, క, ట, క, వ, గుడి. అంటే ‘వి’ దానికి ఒక అక్షరం కాదు, రెండు ముక్కలు. తిరగేస్తే గుడి ముందుకొచ్చి ఒంటరిగా నిలబడింది, వెనకాల ‘వకటకివ’. ఇంక ట్రూ ఎట్లా వస్తుంది? ‘అమ్మ’కు కూడా నాలుగు అంటుంది, మధ్యలో పొల్లును ఒకటిగా లెక్కపెట్టి.

మిషనుకు తెలుగు రాకపోవడం కాదు ఇది. అక్షరం అంటే మనకొకటి, దానికొకటి. పుస్తకం ఈ సంగతి ఒక్క పేరాలో రాసి, ‘మేడం’ పక్కన ‘వికటకవి’నీ పెట్టి ఉంటే పాఠం ఇంకా రుచిగా ఉండేది. పైగా మాలాంటివాళ్ళం మన భాషదే తప్పేమో అనుకోం.

నేనే అయిదు అక్షరాలనూ విడివిడిగా లిస్టులో పెట్టి తిరగేస్తే ట్రూ వచ్చింది. కానీ చేత్తో విడదీయడం మోసమే కదా! గుడి కనిపిస్తే ముందున్న అక్షరానికి అతికించమని ఇప్పుడు రాశాను. ‘అమ్మ’ దగ్గర, పొల్లు మీద ఆగిపోయి ఉన్నాను.