పుండు అడుగున వెతికే కన్ను

అల్సరేటివ్ కొలైటిస్ ముదిరి, రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా రక్తవిరేచనాలు, పైన జ్వరం, గుండెదడ ఉంటే ఆస్పత్రిలో చేర్చుకుని నరంలోకి స్టెరాయిడ్ ఎక్కిస్తారు. మూడింట రెండొంతుల మంది తేరుకుంటారు. చిక్కంతా మిగతావాళ్లతోనే. మూడో రోజుకీ తగ్గలేదంటే మందు బలం చాలలేదా, పేగులో ఇంకేదైనా చేరిందా?

కొందరిలో చేరేది సైటోమెగలోవైరస్. మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఎప్పుడో సోకి ఒంట్లో అణగి ఉంటుంది. కాబట్టి పాత సోకు ఉందని రక్తపరీక్ష చెబితే ఒరిగేదేమీ లేదు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు పడ్డప్పుడు అది తల ఎత్తుతుంది. కొలైటిస్ రోగిలో దీన్ని 1961లోనే షికాగో వైద్యులు గుర్తించి రాశారు. దాన్ని పట్టుకునే పనితనం చూసి తీరాల్సిందే.

పని ఎండోస్కోపీ గదిలోనే మొదలవుతుంది. పేగు చిల్లుపడే ప్రమాదం ఉంది గనుక గాలి తక్కువగా ఊది, కింది భాగం వరకే గొట్టం పంపుతారు. ఈ వైరస్ ఎక్కువగా రక్తనాళాల లోపొర కణాల్లోనూ, చుట్టూ ఉన్న కణజాలంలోనూ తిష్ఠ వేస్తుంది. అందుకే అంచుతో సరిపెట్టకుండా పుండు అడుగు నుంచీ ముక్కలు తీయాలి. ఒకటి రెండు ముక్కలు తీసి చేతులు దులుపుకుంటే దొంగ దొరకడు.

ఫార్మలిన్‌లో ఉంచిన ఆ చిన్న ముక్కను మైనంలో పొదిగి, మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోస్తారు. బ్లేడు మొద్దుబారితే పొరంతా గీతలే. ఈ టెక్నీషియన్ల పేర్లు రిపోర్టులో ఎక్కడా కనిపించవు, అదొక అన్యాయం.

రంగు పట్టించిన స్లయిడ్ మీద, వైరస్ సోకిన కణం పక్కవాటికంటే బాగా ఉబ్బి కనిపిస్తుంది. కేంద్రకం నడుమ ముదురు ఊదా ముద్ద, దాని చుట్టూ తేటగా ఒక వలయం. గుడ్లగూబ కన్ను అంటారు వైద్యులు. పుస్తకంలో బొమ్మ చూస్తే ఎవరైనా గుర్తుపడతారు. అసలు పుండులో అలా ఉండదు. మానే దశలో ఉన్న మామూలు కణాలు కూడా ఉబ్బి, పెద్ద కేంద్రకాలతో మోసం చేస్తాయి. కన్ను సరిగ్గా ఏర్పడని సోకిన కణాలూ ఉంటాయి. స్లయిడ్ మొత్తంలో ఒకే ఒక్క కణం దొరికే రోజులున్నాయి. అనుమానమొస్తే మంచి పాథాలజిస్టు ఇంకా లోతు పొరలు కోయిస్తారు, వైరస్ ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీతో పరీక్షిస్తారు. సోకిన కేంద్రకాలు గోధుమరంగు తేలి దొరికిపోతాయి. ఎన్ని కణాలున్నాయో కూడా రాసే రిపోర్టే నా దృష్టిలో అసలైన రిపోర్టు. చెదురుమదురుగా ఒకటి రెండు ఉండటం వేరు, గుంపుగా ఉండటం వేరు.

ఆ మాట మీదే చికిత్స మలుపు తిరుగుతుంది. గాన్‌సిక్లోవిర్ మొదలుపెట్టి, స్టెరాయిడ్ తగ్గించే దారి చూస్తారు. మీవాళ్లెవరికైనా స్టెరాయిడ్ పనిచేయక ఇంకా బలమైన మందుకో, ఆపరేషన్‌కో సిద్ధపడమంటే, బయాప్సీలో ఈ వైరస్ కోసం ప్రత్యేకంగా చూశారా అని డాక్టర్‌గారిని ఒక్క మాట అడగండి.