‘బుజమ్’: రొమ్మా, ఒడా? – ఒక ఆంగ్లపదం అర్థవిస్తృతి, తెలుగు అనువాదం

1. ప్రవేశిక

ఆంగ్లంలో ‘బోసమ్’ అన్నట్లు రాసి ‘బుజమ్’ అని పలికే పదానికి మన విద్యార్థులు మొదట నేర్చుకొనే అర్థం ‘రొమ్ము’. తెలుగులోని ‘భుజం’తో దీనికి ధ్వనిసామ్యమే తప్ప సంబంధం లేదు. రొమ్ము అనే అర్థం తప్పు కాదు, కానీ చాలదు. అనువాద తరగతిలో ‘బుజమ్ ఫ్రెండ్’ అనే పదబంధం రాగానే వెనుక బల్లల నుంచి నవ్వు వినిపించడం నాకు అనుభవమే. నేటి వాడుకలో ఈ పదం ఎక్కువగా స్త్రీ శరీరాన్నే స్ఫురింపజేయడం ఆ నవ్వుకు కారణం. ఈ సంకుచితార్థంతో పాత రచనలను చదివితే భావం చెడుతుంది. అందువల్ల ఈ పదం వాచ్యార్థ, లక్ష్యార్థాలను, తెలుగులో వాటికి దొరికే మాటలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాచ్యార్థం

ఈ పదం ప్రాచీన ఆంగ్లం నాటిది. స్త్రీపురుష భేదం లేకుండా రొమ్ము భాగాన్ని, దానిపైని వస్త్రాన్ని, ఆ రెండింటి నడుమ ఏదైనా దాచుకొనే చోటును, కౌగిలిలోని చోటును కూడా ఇది సూచించింది. దీని సోదరపదం జర్మన్ ‘బూజెన్’. సముద్రవాచకంతో కలిసి అది ‘మేర్‌బూజెన్’, అంటే సింధుశాఖ అవుతుంది. గ్రీకు ‘కోల్పోస్’, లాటిన్ ‘సీనుస్’ పదాలకు కూడా రొమ్ము, వస్త్రపు మడత, అఖాతం అనే అర్థాలున్నాయి. ఆంగ్లంలోని ‘గల్ఫ్’ ఆ గ్రీకు పదం నుంచి వచ్చినదే. రొమ్ముకూ అఖాతానికీ సామాన్యధర్మం ఒక్కటే: వంపు తిరిగి, లోపల చోటిచ్చి, కాపాడడం. కనుక ‘బుజమ్’ అవయవాన్ని ఎంతగా చెబుతుందో ఆశ్రయాన్నీ అంతగా చెబుతుంది.

3. బైబిలు అనువాదం ఇచ్చే సాక్ష్యం

1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిలులో, లూకా సువార్తలో రెండు చోట్ల ఈ పదం కనిపిస్తుంది. ఇచ్చినవారికి నిండు కొలత తిరిగి దక్కుతుందన్న సందర్భం ఒకటి (6:38). దరిద్రుడైన లాజరు మరణానంతరం అబ్రాహామును చేరిన సందర్భం మరొకటి (16:22). రెండు చోట్లా గ్రీకు మూలపదం ‘కోల్పోస్’. ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలు మాత్రం మొదటి చోట ‘ఒడి’ అని, రెండవ చోట ‘రొమ్ము’ అని అనువదించింది. ధాన్యం కొలిచి పోసేది వస్త్రపు మడతలో కాబట్టి ‘ఒడి’ సర్వథా ఉచితం. రెండవ చోట ప్రాచీన విందు ఆచారం స్ఫురిస్తుంది. ఆ విందులలో అతిథులు ఎడమ మోచేతిపై ఒరిగి భోజనం చేసేవారు. పక్కన ఒరిగినవాని తల ఆతిథేయుని రొమ్ముకు దగ్గరగా ఉండేది, అది గౌరవస్థానం. ‘రొమ్ము’ ఆ భంగిమను నిలిపింది. అయితే ఆ ఆచారం తెలియని తెలుగు పాఠకునికి ఓదార్పు అందుతుంది గాని, వాకిట పడి ఉన్న పేదవానికి పంక్తిలో దక్కిన గౌరవం అందదు. అది వివరణతో పూరించవలసిన లోటు.

4. లక్ష్యార్థం

షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకంలో తండ్రి ప్రేతం, తల్లిని ఆమె ‘బుజమ్’లోని ముళ్లకే విడిచిపెట్టమంటుంది. ఆ ముళ్లు పశ్చాత్తాపానివి; అక్కడ ‘ఎద’ గాని ‘అంతరంగం’ గాని తగును, ‘రొమ్ము’ తగదు. తెలుగులో ‘రొమ్ము విరుచుకొని నిలవడం’ ధైర్యాన్ని, ‘రొమ్ము బాదుకోవడం’ శోకాన్ని తెలుపుతాయి. రెండూ నలుగురికీ కనిపించే చేష్టలే. ఆంగ్లపద లక్ష్యార్థం లోపలికి చూస్తుంది. మన ‘రొమ్ము’ బయటికి చూస్తుంది. యథాతథానువాదం విఫలమయ్యేది ఇక్కడే. అందుకే ఆత్మీయ మిత్రుడు ‘ప్రాణస్నేహితుడు’ అవుతాడు, సముద్రపు లోతు ‘సాగరగర్భం’ అవుతుంది, ప్రకృతి ఆశ్రయం ‘ప్రకృతి ఒడి’ అవుతుంది.

వీటిలో ‘ఒడి’ ప్రత్యేకంగా గమనింపదగినది. తెలంగాణలో పుట్టింటివారు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు దేహం, వస్త్రం, ఆదరణ మూడూ ఆ ఒక్క మాటలో కలుస్తాయి. స్థానం రొమ్ముకు దిగువనే అయినా, ‘కోల్పోస్’ అర్థపరిధికి తెలుగులో అత్యంత సమీపమైన పదం ఇదే.

5. ముగింపు

‘బుజమ్’కు తెలుగులో ఒకే సమానార్థకం లేకపోవడం భాష లోపం కాదు. ఆంగ్లం ఒక్క మాటలో ఇమిడ్చిన దానిని తెలుగు రొమ్ము, ఎద, ఒడి, గర్భం అని పంచుకొంది. వీటిలో ఏది తగునో నిర్ణయించేది నిఘంటువులోని మొదటి అర్థం కాదు, సందర్భం. ఆ వివేచన అలవడిన విద్యార్థికి తరగతిలో నవ్వవలసిన అవసరం రాదు.